తవుడు ప్లాంటులో హెక్సేన్ నష్టం టన్నుకు 6.5 లీటర్లకు ఎక్కింది: చిల్లర్ కొనాలా?

గోదారి_తవుడు
రోజుకు 200 టన్నుల తవుడు ఆడి, హెక్సేన్ అనే సాల్వెంట్‌తో నూనె తీసే ప్లాంటు. చలికాలంలో టన్నుకు 3.5 లీటర్ల దగ్గర నిలబడ్డ సాల్వెంట్ నష్టం ఏప్రిల్ నుంచి 6.5కి ఎక్కింది. రోజుకు 600 లీటర్లు అదనంగా పోతోంది. కూలింగ్ టవర్ నీళ్లు కండెన్సర్లోకి (ఆవిరిని చల్లార్చి ద్రవం చేసేది) 34 డిగ్రీలు, బయటికి 39. వెంట్ (ప్లాంటులోని గాలి బయటికి పోయే దారి) కండెన్సర్ దాటాక గ్యాస్ 43. దాని తర్వాత, మిగిలిన హెక్సేన్‌ను ఆయిల్‌తో పీల్చే మినరల్ ఆయిల్ అబ్జార్బర్ ఉంది, నడుస్తూనే ఉంది. డీటీ (తవుడులో మిగిలిన సాల్వెంట్‌ను స్టీమ్‌తో తీసే డీసాల్వెంటైజర్ టోస్టర్) పైన ఆవిరి 80. చిల్లర్ వాళ్లు వచ్చి చూసి 40 టీఆర్ (టన్నుల రిఫ్రిజిరేషన్, చల్లబరిచే సామర్థ్యం) కావాలన్నారు. ఓనరు గారు ఆర్డర్ ఇచ్చేలా ఉన్నారు. ఇవ్వమనాలా, ముందు ఇంకేమైనా చూడాలా?

మిసెల్లా_మామ
ఆర్డర్ ఓ వారం ఆపమనండి. సాల్వెంట్ బయటికి పోయే దారులు ఎన్నో లేవు. డీఓబీ (నూనె తీసిన తవుడు), నూనె, సెపరేటర్ (సాల్వెంట్‌ను, నీళ్లను విడదీసేది) నీళ్లు, వెంట్, ఇవి కాక గ్లాండ్లు, గాస్కెట్ల దగ్గర కారేది. ఒక్కోదానికి అంకె వేసి చూడాలి.

200 టన్నుల తవుడుకి డీఓబీ 166 టన్నులు అనుకుందాం. అందులో 500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 500) సాల్వెంట్ ఉంటే రోజుకు 83 కిలోలు, అంటే 124 లీటర్లు, టన్ను తవుడుకు 0.6 లీటరు. అదే 1500 పీపీఎం అయితే 1.9 లీటర్లు. నూనె 34 టన్నులు, దాంట్లో 500 పీపీఎం ఉన్నా 17 కిలోలే. నీళ్లలో హెక్సేన్ కరిగేది లీటరుకు 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ, ఎమల్షన్ (రెండూ విడిపోకుండా కలిసిన పొర) లేకపోతే అది లెక్కలోకే రాదు. అంటే మీరు పట్టుకోవాల్సినవి డీఓబీ, వెంట్. డీఓబీలో ఎంత వస్తోంది?

గోదారి_తవుడు
పీపీఎం ఎప్పుడూ చేయించలేదండి. కూలర్ దగ్గర వాసన చూసి చెప్తాం. ఈ మధ్య వాసన కొడుతున్న మాట నిజం.

ల్యాబ్_టేబుల్
వాసన నమ్మొద్దు. షిఫ్టంతా అక్కడే నిలబడే మనిషి ముక్కు ఆ వాసనకి అలవాటుపడిపోతుంది. డీటీ కింది గేటు దగ్గర వేడిగా ఉన్నప్పుడే శాంపిల్ తీసి, గాజు సీసాలో వేసి అక్కడికక్కడే రబ్బరు సెప్టమ్ మూత బిగించండి. కవర్లో వేసి ల్యాబ్‌కి పంపితే దారిలోనే చాలావరకు ఎగిరిపోతుంది. హెడ్‌స్పేస్ జీసీలో (సీసాలోని ఆవిరిని కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్) చేయించేటప్పుడు సీసాలో కాస్త నీళ్లు కలిపి వేడి చేయమనండి. పొడిగా వేడి చేస్తే పైపైన ఉన్నదే వస్తుంది, రేణువు లోపల పట్టుకున్నది రాదు. అంకె తక్కువ చూపించి మోసం చేస్తుంది.

వెంట్_లైన్
వెంట్ సంగతి నేను చెప్తాను, అసలు రోగం అక్కడే ఉందని నా అనుమానం. వెంట్‌లోంచి సాల్వెంట్ తనంతట తాను బయటికి పోదు. గాలి లోపలికొచ్చి దాన్ని మోసుకుపోతుంది. గాలి లేకపోతే కండెన్సర్‌లో మొత్తం ద్రవమై కిందికి దిగాల్సిందే. ఆవిరి పీడనాలు పెట్టి లెక్క వేస్తే, నీటి ఆవిరిని కూడా కలుపుకుని:

43 డిగ్రీల దగ్గర ఒక కిలో గాలి 2.4 కిలోల హెక్సేన్‌ను వెంటబెట్టుకుపోతుంది. 33 దగ్గర 1.2 కిలోలు. 20 దగ్గర 0.6. 15 దగ్గర 0.44.

అంటే ప్రతి పది పన్నెండు డిగ్రీలకీ దాదాపు రెట్టింపు. మరి గాలి ఎంత వస్తోంది? పెల్లెట్ల సాంద్రత ఘనపు మీటరుకు 580 కిలోలు అనుకుంటే, గంటకు 8.3 టన్నులంటే 14 ఘనపు మీటర్లు. అందులో పెల్లెట్ల మధ్య సందు 45 శాతం. అంటే ఎక్కడా చిల్లు లేకపోయినా తవుడుతో పాటే గంటకు 6.5 ఘనపు మీటర్లు, దాదాపు 7.4 కిలోల గాలి దిగుతుంది. 43 డిగ్రీల్లో అది గంటకు 18 కిలోల సాల్వెంట్‌ను అబ్జార్బర్ ముందుకు తెస్తుంది. అబ్జార్బర్ లేని ప్లాంటైతే ఒక్క దీనితోనే టన్నుకు 3.2 లీటర్లు పోయేది. మీ వెంట్‌లో అసలు గాలి ఎంత పోతోందో కొలిచారా?

మిర్యాలగూడ_మిల్లు
ఒక ప్లాస్టిక్ సంచి వెంట్‌కు కట్టి ఎన్ని సెకండ్లకు నిండుతదో చూస్తే సరిపోతది కదా. చిన్న ప్లాంట్లల్ల గట్లనే చూస్తరు.

సేఫ్టీ_విశాఖ
వద్దన్నా, దయచేసి ఆ పని ఎవరూ చెయ్యొద్దు. ప్లాస్టిక్ సంచి రాపిడికి స్టాటిక్ పుడుతుంది. లోపల హెక్సేన్, చుట్టూ గాలి. 1.1 శాతం నుంచి 7.5 శాతం మధ్య కలిస్తే అంటుకునే సరుకు అది. సంచి విప్పే క్షణంలో ఆ మిశ్రమం మీ చేతుల చుట్టూనే ఉంటుంది. లైన్లో ఒక ఆరిఫిస్ ప్లేటు, రెండు పక్కలా ట్యాపింగులు, ఒక యూ ట్యూబు మ్యానోమీటరు. ఫాబ్రికేషన్ షెడ్డులో అరపూట పని, అదీ ప్లాంటు ఆపి గ్యాస్ ఫ్రీ చేసినప్పుడు.

ఇంకోటి. ఎల్ఈఎల్ మీటర్ (గాలిలో మండే గ్యాస్ ఎంతుందో చూపేది) తీసుకెళ్లి వెంట్ మూతి దగ్గర పెట్టి "జీరో వస్తోంది, అంతా బాగుంది" అనుకోకండి. ఆ సెన్సార్ మండటానికి ఆక్సిజన్ కావాలి. 43 డిగ్రీల వెంట్ గ్యాస్‌లో హెక్సేనే 40 శాతం ఉంటుంది. అంత చిక్కటి గ్యాస్‌లో ముల్లు ఒక్కసారి ఎగిరి మళ్లీ కిందికి పడిపోతుంది.

మిర్యాలగూడ_మిల్లు
సరే అన్నా, సంచి మాట వెనక్కి తీసుకుంటున్న. యూ ట్యూబే పెట్టిస్త.

జీడిమెట్ల_కాలమ్
మా బల్క్ డ్రగ్ ప్లాంట్లలో ఎండీసీ (మిథిలీన్ క్లోరైడ్ సాల్వెంట్) వెంట్లకి మైనస్ 10 డిగ్రీల బ్రైన్ (గడ్డకట్టని ఉప్పునీళ్లు) పెడతారు. ఇక్కడా బ్రైన్ వేస్తే 15 డిగ్రీల కంటే ఇంకా తగ్గుతుంది కదా?

వెంట్_లైన్
మీ వెంట్ పొడిగా ఉంటుంది కాబట్టి నడుస్తుంది. ఇక్కడ డీటీలో లైవ్ స్టీమ్ (నేరుగా తవుడులోకే స్టీమ్) కొడతాం కాబట్టి వెంట్ గ్యాస్ నీటితో తడిసి ఉంటుంది. సున్నా కిందికి వెళ్తే ట్యూబుల మీద మంచు పేరుకుని, కొన్ని గంటల్లో దారి మూసుకుపోయి, ఎక్స్‌ట్రాక్టర్‌లో (తవుడుని సాల్వెంట్‌తో కడిగి నూనె తీసేది) పీడనం లేస్తుంది. ట్యూబు గోడ 5 డిగ్రీల కిందికి దిగకుండా చూసుకోవాలి. చిల్డ్ వాటర్ 8, వెంట్ 14-15. ఆ మాత్రం చాలు.

40 టీఆర్ సంగతి కూడా లెక్క వేద్దాం. 7.4 కిలోల గాలిని 43 నుంచి 15కి దించడానికి అందులోని సాల్వెంట్, నీరు ద్రవమయ్యే వేడి అంతా కలిపితే గంటకు 2,000 కిలోకేలరీలు. ఒక టీఆర్ అంటే 3,024. ముప్పాతిక టీఆర్ కూడా లేదు! గాలి మూడింతలు వస్తున్నా 2 టీఆర్. వాళ్లు 40 చెప్పారంటే మెయిన్ కండెన్సర్ల నీళ్లు చల్లబరిచే లెక్క వేసినట్టున్నారు. అది కూలింగ్ టవర్ చెయ్యాల్సిన పని.

కూలింగ్_టవర్
కూలింగ్ నీళ్లు 34 కూడా ఎక్కువే. గోదావరి జిల్లాల్లో మే నెల తడి ఉష్ణోగ్రత 28 అనుకున్నా టవర్ 32 ఇవ్వాలి. ఫిల్స్‌లో పాచి, నాజిళ్లలో చెత్త చూడండి. అంతకంటే ముందు పైపింగ్ చూడండి. చాలాచోట్ల అన్ని కండెన్సర్లనూ ఒకే హెడర్ మీద పక్కపక్కన కలిపేస్తారు, చివర ఉన్న వెంట్ కండెన్సర్‌కి మిగిలిన నీళ్లే వస్తాయి. చల్లటి నీళ్లు ముందు వెంట్ కండెన్సర్‌కే వెళ్లాలి, అక్కడి నుంచి మిగతావాటికి. 34 నీళ్లతో 43 గ్యాస్ అంటే 9 డిగ్రీల తేడా. ట్యూబులు శుభ్రంగా ఉంటే 4-5కి మించకూడదు.

బాయిలర్_బాబాయ్
అందరూ వెంట్ పట్టుకున్నారు. డీటీ ఆవిరి 80 అన్నారు, అది ఎవరికీ కనపడలేదా? 70 దగ్గర డీటీ ఆవిరిలో కిలో హెక్సేన్‌కి 90 గ్రాముల నీరు ఉంటుంది. 80 దగ్గర 180 గ్రాములు. నీటి గుప్తోష్ణం కిలోకి 540 కిలోకేలరీలు, హెక్సేన్‌ది 80. అంటే కిలో హెక్సేన్‌కి కండెన్సర్ మీద బరువు 130 నుంచి 180కి లేచింది. కండెన్సర్ చిన్నదైపోలేదు, మీరే దానికి నీళ్లు కాచి పోస్తున్నారు. వెంట్ 43 అవ్వడానికి సగం కారణం ఇదే. లైవ్ స్టీమ్ తగ్గించండి.

డీటీ_నైట్‌షిఫ్ట్
బాబాయ్, ఊరికే తగ్గించమంటే ఎలా? స్టీమ్ తగ్గిస్తే డీఓబీ తడిగా, సాల్వెంట్‌తో దిగుతుంది. 80 పెట్టింది సరదాకి కాదు, అవసరం పడి పెట్టి ఉంటారు.

బాయిలర్_బాబాయ్
నువ్వన్నది ఒప్పుకుంటాను, కానీ 80 ఉండి కూడా డీఓబీ వాసన కొడుతోందని ఆయనే అన్నారు. ఆ రెండూ కలిసి వస్తే ఒకటే అర్థం. స్టీమ్ తవుడులోంచి పోవడం లేదు, సందు చూసుకుని పైకి పోతోంది. స్పార్జ్ ట్రే (కింది నుంచి స్టీమ్ చిమ్మే పళ్లెం) రంధ్రాలు సగం మూసుకుని ఉండాలి, లేదా ట్రే మీద తవుడు మట్టం తక్కువ ఉండాలి, లేదా తవుడు ఉండలు కట్టి ఉండాలి. స్టీమ్ తడిగా వస్తే ఉండలు కడతాయి. ఉండ పగలగొట్టి చూడు, పైన ఉడికి ఉంటుంది, నడుమ సాల్వెంట్ చెమ్మ అలాగే ఉంటుంది. డీటీ ముందు మాయిశ్చర్ సెపరేటర్ ట్రాప్ పనిచేస్తోందా లేదా ముందు చూడండి.

డీటీ_నైట్‌షిఫ్ట్
ఉండలు కరెక్టే. కానీ ఇంకా వెనక్కి వెళ్లాలి. డీటీలోకి వచ్చే తవుడులో సాల్వెంట్ ఎంత మిగులుతోంది? 30 శాతం ఉంటే గంటకు 3 టన్నుల హెక్సేన్ డీటీ ఆవిరి చెయ్యాలి. పొడి ఎక్కువై డ్రెయిన్ కాక 38 శాతం మిగిలితే 4.2 టన్నులు. ఎనిమిది శాతమే అనిపిస్తుంది కానీ డీటీ పని 40 శాతం పెరిగింది. ఆపరేటర్ స్టీమ్ తిప్పక ఏం చేస్తాడు?

మిర్యాలగూడ_మిల్లు
ఇది ఎండకాలం కథనే. తవుడు ఎండిపోయి తేమ 8కి పడితే పెల్లెట్ పట్టదు, కన్వేయర్ల పడంగనే పొడి అయితది. పెల్లెట్ మిల్లు ముందల కండిషనర్ల స్టీమ్ పెంచి తేమ 11-12కి తేవాలె. పెల్లెట్ అయినంక కూలర్ల ఆరబెట్టి 9-10 దగ్గర ఎక్స్‌ట్రాక్టర్‌కు పంపాలె. డై రంధ్రాలు అరిగినా పెల్లెట్ వదులుగ వస్తది. గుప్పెడు పెల్లెట్లు జల్లెడ పట్టి చూడుండ్రి, పొడి పది శాతం దాటిందంటే బెడ్ మీద సాల్వెంట్ నిలబడుతది, కిందికి దిగదు. ఉప్పుడు తవుడు, పచ్చి తవుడు కలిపి పోస్తున్నప్పుడు కూడా గట్లనే అయితది, రెండిటికీ ఒకే సెట్టింగ్ నడవదు. ఊక కలిసిన తవుడు అయితే చెప్పనే వద్దు.

గోదారి_తవుడు
వారం పట్టిందండి, అన్నీ చూసొచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.
డీఓబీ 1400 పీపీఎం.
అబ్జార్బర్ దాటాక గాలి గంటకు 18 ఘనపు మీటర్లు.
వెంట్ ఫ్యాన్ డ్యాంపర్ పూర్తిగా తెరిచి ఉంది, ఎక్స్‌ట్రాక్టర్‌లో పీడనం మైనస్ 22 మిల్లీమీటర్లు (నీటి మట్టం లెక్కన).
మినరల్ ఆయిల్ అబ్జార్బర్‌లోకి 42 డిగ్రీలు, కింద బయటికి 57. స్ట్రిప్పర్ (ఆయిల్ పీల్చిన హెక్సేన్‌ను మళ్లీ బయటికి తీసేది) 88. ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది.
పెల్లెట్ పొడి 17 శాతం.

వెంట్_లైన్
తవుడుతో వచ్చేది 6.5, మీకు పోతోంది 18. మిగతా 11 ఘనపు మీటర్లు మీ ఫ్యానే లాక్కొస్తోంది. డ్యాంపర్ మూసి మైనస్ 3 దగ్గర పెట్టండి. రూపాయి ఖర్చు లేని పని. ఒకేసారి కాదు, గంటకు కొంచెం, ప్రతిసారీ ఎక్స్‌ట్రాక్టర్ చుట్టూ, గ్లాండ్ల దగ్గర ఎల్ఈఎల్ మీటర్‌తో చూస్తూ. ఎక్కడా బయటికి తన్నకూడదు.

ఫీడ్ హాపర్‌లో తవుడు మట్టం ఎప్పుడూ మీటరు పైనే ఉండాలి. ఆ తవుడే గాలికి అడ్డు. మట్టం పడితే ఎక్స్‌ట్రాక్టర్ కన్వేయర్ ఆగేలా లెవెల్ స్విచ్ కలపండి. రోటరీ వాల్వ్ రెక్కల అంచులు అరిగాయేమో, డీటీ కింది ఎయిర్‌లాక్ కూడా చూడండి. లోపలికి లాగే చిల్లు సబ్బు నురగకి దొరకదు. షట్‌డౌన్‌లో గ్యాస్ ఫ్రీ చేశాక బ్లోయర్‌తో 100 మిల్లీమీటర్లు ఎక్కించి అప్పుడు నురగ పట్టించాలి.

ఎంఓఎస్_ఫిట్టర్
అబ్జార్బర్ గురించి నేను. ఆయిల్ 42 లోపలికి, 57 బయటికి అంటే అది సరిగా పీల్చలేనంతగా వేడెక్కుతోంది. హెక్సేన్ ఆయిల్‌లో కలిసేటప్పుడు ద్రవమయ్యే వేడి అంతా ఆయిల్‌లోనే దిగుతుంది. గంటకు 15 కిలోలు పీలిస్తే 500 కిలోల ఆయిల్ 5 డిగ్రీలు వేడెక్కుతుంది. మీ 18 ఘనపు మీటర్ల గాలి 43 డిగ్రీల్లో 50 కిలోల దాకా తెస్తోంది. ఏ అబ్జార్బరూ దాన్ని మొయ్యలేదు. గాలి తగ్గితే సగం నయమవుతుంది.

మిగతా సగం: కూలర్ ప్లేట్లు కడిగి ఆయిల్‌ని 35 లోపు పంపండి. స్ట్రిప్పర్ 88 సరిపోదు, 105-110 కావాలి, వ్యాక్యూమ్‌తో. హీటర్ స్టీమ్ ట్రాప్ చూడండి, నీళ్లు నిలబడి ఉంటాయి. సర్క్యులేషన్ పంపు స్ట్రెయినర్ కూడా విప్పండి. డికాక్షన్ రంగు అంటే డీటీ ఆవిరితో తవుడు దుమ్ము, నూనె వచ్చి కలిశాయి. అలాంటి ఆయిల్ స్ట్రిప్పర్‌లో నురగ కడుతుంది, ప్యాకింగ్‌కి జిగురులా పడుతుంది. మార్చెయ్యండి, వడగట్టి వాడుకుందామని చూడొద్దు.

స్ట్రిప్ అయిన ఆయిల్ బాగుందో లేదో తెలియాలంటే 10 గ్రాములు తూచి, ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ కింద, మంట లేకుండా స్టీమ్ బాత్ మీద పెట్టి మళ్లీ తూచండి. అర శాతం లోపు తగ్గితే స్ట్రిప్పర్ బాగున్నట్టు.

కార్బన్_బెడ్
మినరల్ ఆయిల్ తీసేసి యాక్టివేటెడ్ కార్బన్ పెడితే ఇన్ని తిప్పలు ఉండవు కదా?

ఎంఓఎస్_ఫిట్టర్
పలచటి గ్యాస్‌కి కార్బన్ బాగుంటుంది. ఇంత చిక్కటి గ్యాస్ పోస్తే బెడ్ నిమిషాల్లో నిండి, వేడెక్కి, నడుమ మచ్చల్లా రాజుకుంటుంది. వెంట్ కండెన్సర్, ఆయిల్ రెండూ బాగుచేశాక ఇంకా మిగిలితే అప్పుడు ఆలోచించొచ్చు.

ల్యాబ్_టేబుల్
డీటీ ఆవిరిలో దుమ్ము అన్నారు కాబట్టి: కండెన్సర్‌కి ముందు వేడినీళ్ల స్క్రబ్బర్ ఉందా? లేకపోతే ఆ దుమ్ము ట్యూబుల మీద పేస్టులా పట్టేస్తుంది, సెపరేటర్‌లో ఎమల్షన్ కడుతుంది. అద్దంలోంచి చూస్తే పైన సాల్వెంట్, కింద నీళ్లు, నడుమ గోధుమరంగు గంజిలాంటి పొర. ఆ పొర నీళ్లతో పాటు జారిపోతే మామ గారి "లెక్కలోకే రాదు" అన్న లెక్క తప్పుతుంది.

మిసెల్లా_మామ
అవును, ఆ మాట సరిదిద్దుకుంటున్నాను. పొర ఉంటే నీళ్ల నష్టం కూడా లెక్క వెయ్యాలి.

సేఫ్టీ_విశాఖ
ఆ పొర నష్టం మాత్రమే కాదు, ప్రమాదం కూడా. సెపరేటర్ నీళ్లను 90 డిగ్రీల దాకా మరిగించి, ఆ ఆవిరిని కండెన్సర్‌కి తిప్పాకే డ్రెయిన్‌లోకి వదలాలి. హెక్సేన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు, కాలవ పట్టుకుని పాకుతుంది. 1981 ఫిబ్రవరి 13న అమెరికాలో లూయీవిల్ ఊరి మురుగు గొట్టాల్లో ఒక సోయా ప్లాంటు నుంచి పోయిన హెక్సేన్ ఒక కారు నిప్పురవ్వకి అంటుకుని వీధుల నడుమ గోతులు పడ్డాయి. మరిగించే ట్యాంకు థర్మామీటర్ పనిచేస్తోందో లేదో ఇవాళే చూడండి.

మిర్యాలగూడ_మిల్లు
ఇంకొక మాట. ట్యాంక్ డిప్ (సాల్వెంట్ మట్టం కొలత) ఎప్పుడు కొడుతున్నరు? హెక్సేన్ డిగ్రీకి 0.13 శాతం ఉబ్బుతది. 50 కిలోలీటర్ల ట్యాంకుల 15 డిగ్రీల తేడాకు వెయ్యి లీటర్లు అటు ఇటు అయితది. ఒకరోజు పొద్దుగాల, ఒకరోజు మధ్యాహ్నం కొడితే ఆ అంకెలకు అర్థమే ఉండదు. ట్యాంకర్‌ను కూడా లీటర్లల్ల కాదు, వేబ్రిడ్జి మీద కిలోలల్ల దించుకోవాలె.

గోదారి_తవుడు
డిప్ ఒక్కో షిఫ్ట్ ఒక్కో టైముకి కొడుతున్నారు. ఇక నుంచి పొద్దున 6కే అని బోర్డు మీద రాయించాను.

గోదారి_తవుడు
మూడు వారాల తర్వాత అంకెలు. డ్యాంపర్ మైనస్ 3 దగ్గర, గాలి 9 ఘనపు మీటర్లు. పెల్లెట్ మిల్లు డై మార్చి కండిషనర్ స్టీమ్ పెంచాం, పొడి 9 శాతం. స్పార్జ్ ట్రేలో మూడో వంతు రంధ్రాలు మూసుకుని ఉన్నాయి, పొడిచి తెరిపించాం. ఇప్పుడు డీటీ ఆవిరి 72, డీఓబీ 600 పీపీఎం. మినరల్ ఆయిల్ కొత్తది పోశాం. ట్రాప్ మార్చాక స్ట్రిప్పర్ 107. చల్లటి నీళ్లు ముందు వెంట్ కండెన్సర్‌కి మళ్లించాం, గ్యాస్ 38. నష్టం టన్నుకు 3.6. చిల్లర్ ఆర్డర్ ఇవ్వలేదు. వెంట్ ఒక్కదానికే 3 టీఆర్ ది పెట్టమంటే ఓనరు గారు సరే అన్నారు. డీటీ స్క్రబ్బర్ మాత్రం మాకు లేదు. షట్‌డౌన్‌లో పెట్టాలంటే నీళ్లు ఎంత వేడిగా ఉండాలి?

ల్యాబ్_టేబుల్
డీటీ ఆవిరి ఎంతుంటే దానికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ, మీకు 75. చల్లగా ఉంటే హెక్సేన్ అక్కడే ద్రవమై స్క్రబ్బర్ నీళ్లతో కలిసిపోతుంది. ఆ బురద నీళ్లు డ్రెయిన్‌కి కాదు, మళ్లీ డీటీ పై ట్రే మీదికే పంపాలి. నాజిల్ కంత పెద్దది పెట్టండి, చిన్నది తవుడుతో వారంలో మూసుకుపోతుంది.